గడికి గుమ్మం ఎటు?

నేను పండితుణ్ణి కాను. ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా దిగినవాణ్ణి. పుట్టింది అనంతపురం జిల్లాలో ఒక పల్లె, ఇప్పుడుంటున్నది హైదరాబాదులో కొడుకు ఫ్లాటు. మా అపార్టుమెంటు లిఫ్టు పక్కన ఒక నోటీసు బోర్డు ఉంది. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడుగుతారో, మెయింటెనెన్సు ఎవరు కట్టలేదో అందులో ఉంటుంది. వాటి పక్కన ప్రతి ఆదివారం పొద్దున్నే నేనొక చిన్న గళ్ళ నుడికట్టు అంటిస్తాను. అడ్డం ఐదు, నిలువు ఐదు. అందరూ దాన్ని 'గడి' అనే అంటారు. ఎనిమిదేళ్ళయింది. బోర్డుకు దారం కట్టి ఒక పెన్సిలు కూడా వేలాడదీశాను. 1924లో అమెరికాలో వచ్చిన తొలి క్రాస్‌వర్డ్ పుస్తకానికీ పెన్సిలు తగిలించి అమ్మారని తర్వాతెప్పుడో చదివి, నా బుర్రకూ ఆ అమెరికావాడి బుర్రకూ తేడా లేదని కాసేపు మురిసిపోయాను. మా పెన్సిలు నెలకొకటి మాయమవుతుంది, అది వేరే సంగతి.

ఈ ఎనిమిదేళ్ళలో గడి కూర్చడం కొంచెం నేర్చుకున్నాను. గడి ముందు నిలబడ్డ మనుషుల గురించి అంతకన్నా ఎక్కువ నేర్చుకున్నాను. ఒకటీ రెండూ అని అంకెలు వేశాను గానీ వాటిలో పెద్దా చిన్నా లేదు.

1. అందరికీ తెలిసిన మాట అంటూ ఉండదు

మొదటి నెలలోనే దెబ్బ తగిలింది. "నాన్నకు అమ్మ (2)" అని ఆధారం ఇచ్చాను. ఇంతకన్నా తేలికది ఉంటుందా అనుకున్నా. నా జవాబు జేజి. మా సీమలో నాన్నను కన్న తల్లి జేజే. సాయంత్రం దిగి చూస్తే ఆ రెండు గళ్ళలో 'మామ్మ' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. మూడో అంతస్తులో ఉండే అమలాపురం అమ్మగారి చేతిరాత. లెక్కకు రెండు గళ్ళే, సరిపోయింది. కానీ రెండో గడి నుంచి కిందికి దిగాల్సిన మాట జిలేబి. 'మ్మ'తో ఏ మాట మొదలవుతుంది? అడిగితే ఆవిడ నవ్వారు.

"జిలేబి అని తెలుస్తూనే ఉందండీ. కానీ మామ్మను కొట్టేయడానికి చెయ్యి రాలేదు."

అప్పుడే మా కోడలు కూరగాయల సంచితో లోపలికి వచ్చింది. ఆమెది వరంగల్లు. "మేమైతే బాపమ్మ అంటం మామయ్యా. మూడు గళ్ళు లేవని ఇడిచిపెట్టిన" అంది. ఇక నాయనమ్మ అనే వాళ్ళు నాలుగు గళ్ళు వెతుక్కుని, కనపడక, లిఫ్టెక్కి వెళ్ళిపోయి ఉంటారు. ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో తిరిగి ఎక్కినవాళ్ళ యాసలన్నీ విన్నవాణ్ణి. గడి గీయడానికి కూర్చునేసరికి మా ఊరొక్కటే గుర్తుకొచ్చింది.

ఇప్పుడైతే "సీమలో నాన్నకు అమ్మ" అని రాస్తాను. చేర్చింది ఒక్క మాటే. తెలియనివాళ్ళు నామోషీ పడకుండా పక్క గళ్ళు చూసుకుంటారు. తెలిసినవాళ్ళు మాత్రం తమ ఊరి మాట బోర్డెక్కిందని ఇంట్లోవాళ్ళను పిలిచి మరీ చూపిస్తారు. మా కర్నూలు వాచ్‌మన్ అలాగే చేశాడు, 'బుడ్డలు' అని వేరుశనగకు నేను వాళ్ళ ఊరి పేరు పెట్టిన రోజు.

2. గుట్టు దాచకండి

తెలుగు గడి ఇంగ్లీషు గడి లాంటిది కాదు. వాళ్ళకు ఉన్నవి ఇరవయ్యారు అక్షరాలు, ఒక్కో గడిలో ఒక్కోటి కూర్చుంటుంది. మన గడిలో కూర్చునేది గుణింతమూ ఒత్తూ సున్నా అన్నీ తగిలించుకున్న నిండు అక్షరం. పండు రెండు గళ్ళు. స్త్రీ ఒకటే గడి. స్టేషన్ రాస్తే చివరి పొల్లుకు కూడా సొంత గడి కావాలి, మొత్తం మూడు. 'కి' ఉన్నచోట 'కీ' కుదరదు. అందుకే మన గళ్ళలో నల్ల గళ్ళు ఎక్కువ, ఒకదానికొకటి అడ్డుపడే మాటలు తక్కువ.

పూరించడానికి కొన్ని దారులున్నాయి. ఆధారం బహువచనంలో ఉంటే చివరి గడిలో సన్నగా 'లు' వేసుకోండి, పదిలో తొమ్మిదిసార్లు తప్పదు. ఆ 'లు' కిందికి ఇంకో మాటకు మొదలైతే మాత్రం కూర్చినవాడు చిక్కుల్లో పడ్డాడని అర్థం. 'లు'తో మొదలయ్యేవి లుంగీ, లుకలుకలు తప్ప ఇంకేం దొరుకుతాయి? ణ, ళ అయితే మాటకు మొదట రానే రావు. 'తిరగబడిన', 'అటునుంచి' అని ఆధారంలో కనిపిస్తే మాటను వెనకనుంచి రాయాలి. తిరగబడిన వల అంటే లవ. 'చెదిరిన', 'కకావికలైన' అంటే అక్షరాలు చోటు మారాయని.

ఇవన్నీ పాతకాపులకు కంఠతా వచ్చు. కొత్తగా వచ్చినవాడికి ఎవరూ చెప్పరు. వాడు 'తిరగబడిన వల' దగ్గర అరగంట చేపల గురించి ఆలోచించి, తనకింక తెలుగు రాదని తీర్మానించుకుని పోతాడు. నేను బోర్డు మీదే ఒక మూల ఈ సంకేతాలు రాసిపెట్టాను. గుట్టు విప్పితే ఆటలో రుచేముందని మా ఎదురింటి రిటైర్డ్ తెలుగు మాస్టారు కోప్పడ్డారు. ఏ ఊరికెళ్ళే బస్సో రాసి ఉన్న బోర్డు ముందు పెట్టుకున్నంత మాత్రాన ప్రయాణం రుచి పోతుందా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

3. ఇది పెద్దల ఆట కాదు

నేను డ్యూటీ చేసిన రోజుల్లో డిపో మేనేజరు గదిలోకి ఇంగ్లీషు పేపరొకటి వచ్చేది. మధ్యాహ్నానికి అది బయటికొచ్చేది, గళ్ళు సగం నిండి. మిగతా సగం నేను చూసేవాణ్ణి. ఒక్క ఆధారమూ అర్థమయ్యేది కాదు. ఇంగ్లీషు రానివాడి బుర్రకు గళ్ళు అక్కర్లేదని ఆ కాగితమే చెబుతున్నట్టుండేది.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసిన ముచ్చట ఒకటుంది. ఆ పేపరు 'ది హిందూ'. అందులో 1971లో క్రాస్‌వర్డ్ మొదలైనప్పుడు దాన్ని కూర్చింది అడ్మిరల్ రామ్‌దాస్ కటారి. 1958లో మన నౌకాదళానికి అధిపతి అయిన తొలి భారతీయుడు ఆయనే. రిటైరయ్యాక కొంతకాలం మా ఆర్టీసీకి చైర్మన్‌గా ఉన్నాడు, బర్మాకు రాయబారిగా వెళ్ళాడు, ఆపైన గళ్ళ పని పట్టాడు. మా సంస్థ చైర్మన్ కుర్చీలో కూర్చుని లేచిన మనిషి కూర్చిన గళ్ళు నన్ను అంత భయపెట్టాయన్నమాట! తెలిసి ఉంటే కాస్త చనువుగా చూసేవాణ్ణేమో.

తెలుగు గళ్ళు వారపత్రికల్లో దొరికాయి కాబట్టి బతికిపోయాను. ఆరుద్ర, శ్రీశ్రీ అంతటి కవులు కూర్చిన ఆట ఇది. నైటౌట్ డ్యూటీలో బస్టాండు బెంచీ మీద డ్రైవరూ నేనూ కలిసి పూరించేవాళ్ళం. అతను ఐదో తరగతి. సినిమాల ఆధారాలన్నీ అతనివి, పురాణాలు నావి. ఒక్కణ్ణే కూర్చున్న రోజు సగం గళ్ళు ఖాళీగా ఉండిపోయేవి.

4. గడియారం పక్కన పెట్టండి

న్యూజెర్సీలో ఉన్న మా మనవరాలు రోజూ పొద్దున 'మినీ' ఆడుతుంది. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు 2014లో మొదలుపెట్టిన చిన్న క్రాస్‌వర్డ్ అది. మామూలు రోజుల్లో అదీ ఐదూ ఐదే. ఈ పత్రికే 1924లో క్రాస్‌వర్డ్ పిచ్చిని పాపిష్టి కాలక్షేపమని తిట్టిపోసి, 1942లో తనే ఒకటి మొదలుపెట్టింది. తిట్టినవాళ్ళే తర్వాత ఎక్కువ ఆడతారు. చీట్లపేకను తిట్టే మా మేనమామా అంతే.

మనవరాలు వీడియోలో నాతో కలిసి ఆడుతుంది. ఆమెకు నలభై సెకన్లు పడుతుంది. నాకు పన్నెండు నిమిషాలు, అదీ ఆమె సగం చెబితే. మూల ఒక గడియారం పరుగెడుతూ ఉంటుంది. దాన్ని చూస్తుంటే నాకు తెలిసిన మాట కూడా నోటికి రాదు. "తాతా, నువ్వు టైమర్ చూడకు" అని ఆ మూల తన వేలితో మూస్తుంది. ఆ వేలు నాకొక పాఠం. మా బోర్డు దగ్గర ఎవరు ముందు పూరించారో రాసే అలవాటు మొదట్లో ఉండేది. మానేశాను. అంతకుముందు దూరంనుంచి చూసి వెళ్ళే ఇద్దరు ముగ్గురు ఆ తర్వాత దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

5. వాళ్ళ గళ్ళలో మనం, మన గళ్ళలో వాళ్ళు

ఆ మినీలోనూ, దాని అన్న పెద్ద క్రాస్‌వర్డ్‌లోనూ మన దేశం తరచు కనిపిస్తుంది. ఏ రూపంలో? నాన్, నెయ్యి, రైతా, చీర, రాణి, రాజా, సితార్, ఆగ్రా. నూట నలభై కోట్ల మంది మీద వాళ్ళకున్న సామగ్రి ఇంతే. తప్పు పట్టడానికి లేదు. ఆ మాటలు ఇంగ్లీషులో నాలుగైదు అక్షరాలకు కుదురుతాయి, వాటిలో అచ్చులు ఎక్కువ, గళ్ళ మధ్య చక్కగా ఇముడుతాయి. ఓరియో బిస్కెట్టు అన్నిసార్లు కనిపించేది కూడా అందుకే, రుచి వల్ల కాదు. కానీ నాకు లోపల ఎక్కడో చురుక్కుమంది. మనమంటే వంటిల్లూ, రాణివాసమేనా?

నల్లజాతి వాళ్ళకూ ఈ చురక ఎప్పటినుంచో ఉంది. 2023లో జూలియానా పాచే అనే ఆమె 'బ్లాక్ క్రాస్‌వర్డ్' పేరుతో రోజుకొక చిన్న గడి మొదలుపెట్టింది. నల్లవాళ్ళ పాటలు, తిండి, నుడికారం, ఆఫ్రికా నుంచి కరీబియన్ దాకా వాళ్ళ మాటలు అందులో ఆధారాలు. ఆడవాళ్ళ పేర్లూ ఆడవాళ్ళ పనులూ గళ్ళలో అరుదని 2019లో ఇద్దరు అమెరికా మహిళలు 'ఇంక్యుబేటర్' పెట్టి, మగవాళ్ళు కాని వాళ్ళ చేత గళ్ళు కూర్పించారు. ఇవి చదివాక నా పాత గళ్ళ ఫైలు తీసి ఒక మధ్యాహ్నమంతా లెక్కేశాను. ధర్మరాజు తమ్ముళ్ళు, దశరథుడి భార్యలు, శివుడి ధనుస్సు, విష్ణువు వాహనం. మా రెండో అంతస్తులో ఒక ముస్లిం కుటుంబం, కింద వాచ్‌మన్ గది పక్కన చర్చికెళ్ళే ఇల్లు. నా గళ్ళలో వాళ్ళ పండగ ఒక్కటీ లేదు. అమెరికావాడు మనకు నాన్ ఒకటైనా పెట్టాడు. నేను అదీ పెట్టలేదు.

పురాణాలు మానేయలేదు, మానక్కర్లేదు కూడా. వాటి పక్కన ఇంకో వరస వేశాను. "అనంతపురం జిల్లాలో కుళ్ళాయిస్వామి పీర్లు లేచే ఊరు (3)" అని ఇచ్చాను. గూగూడు. నా చిన్నప్పుడు అమ్మ నన్ను భుజానెక్కించుకుని చూపించిన ఊరు. హిందువులూ ముస్లిములూ కలిసి చేసే జాతర, అది నా ఇంటి మాటే. ఇన్నాళ్ళూ ఎందుకు బోర్డెక్కలేదో నాకే తెలియదు.

6. నేను రాసిన ఒక ఆధారం

ఇది చెప్పడం కష్టం. "పిల్లలు లేని ఆడది (3)". జవాబు మీకు తెలుసు, ఇక్కడ రాయను. నిఘంటువులో ఉంది, సామెతల్లో ఉంది, ఒత్తూ దీర్ఘమూ ఉన్న నడిమి అక్షరం నిలువు మాటకు అద్భుతంగా కుదిరింది. ఆ కుదరడం చూసి నేనే మెచ్చుకున్నాను.

ప్రతి ఆదివారం మొదట వచ్చే మనిషి ఒకామె ఉండేది. బ్యాంకులో పని. పెళ్ళయి పదిహేనేళ్ళు. ఆ వారం నుంచి రాలేదు. మూడు వారాలు నేను గమనించనే లేదు. నాలుగో వారం మా ఆవిడ అంది, "నువ్వేం రాశావో నువ్వు చదువుకున్నావా?" అని. ఫైలు తీసి చదివాను. కూర్చుండిపోయాను.

వెళ్ళి అడిగాను, క్షమించమని. నేను అలా అనుకుని రాయలేదమ్మా అన్నాను. ఆమె తలుపు దగ్గరే నిలబడి మెల్లగా, "మీరు అనుకుని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు అంకుల్. నేను గుర్తే రాలేదు మీకు" అంది. టీ ఇచ్చింది. కొన్నాళ్ళకు మళ్ళీ రావడం మొదలుపెట్టింది. కానీ మొదట వచ్చేది ఇప్పుడు ఆమె కాదు.

2019 జనవరి 1న న్యూయార్క్ టైమ్స్ క్రాస్‌వర్డ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. తలకు గురిపెట్టి విసిరే బేస్‌బాల్ బంతి అన్న అర్థంలో ఒక మాట పెట్టారు. అదే మాట మెక్సికో నుంచి వచ్చినవాళ్ళను తిట్టే తిట్టు. సంపాదకుడు విల్ షార్ట్జ్ ఆ తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. అర్థం ఇంకొకటి ఉందన్న మాట వాస్తవమే. నా మాట కూడా నిఘంటువులో ఉన్నదే.

అప్పటినుంచి ఒక పని చేస్తున్నా. గడి పూర్తయ్యాక మా ఆవిడకు చదివి వినిపిస్తా. మొగుడు పోయిన ఆడదాని మీద, కంటిచూపు లేనివాళ్ళ మీద, నడవలేనివాళ్ళ మీద, కులం పేర్ల మీద మన భాషలో ఎన్ని మాటలున్నాయో, అవి ఎంత నున్నగా గళ్ళలో ఇముడుతాయో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఆమె ముఖం మారితే ఆ మాట తీసేస్తా. కొన్నిసార్లు మొత్తం గడి కూలిపోతుంది. మళ్ళీ మొదటినుంచి.

7. గడి, గడీ

ఒకరోజు మా కోడలు అంది, "మామయ్యా, మా దిక్కు గడీ అంటే ఏందో తెలుసా? దొర ఉండే కోట. మీ గడి కూడా గట్లనే ఉన్నది. తలుపు లోపలినుంచే తెరుచుకుంటది."

నవ్వాను గానీ ఆ మాట పట్టుకుంది. లోపల ఉన్నవాళ్ళెవరు? నిఘంటువు తిరగేసే నేను, ఎదురింటి మాస్టారు. బయట ఎవరు?

మెట్లు ఊడ్చే అక్క ఉంది. పాలమూరు నుంచి వలస వచ్చింది. చదవడం రాదు. నేను గడి అంటిస్తుంటే చీపురు ఆపి చూసేది. ఒకరోజు ఊరికే నోటితో చదివాను, "నాగలి దున్నేటప్పుడు చేత్తో పట్టుకునేది, రెండక్షరాలు." అడిగీ అడక్కముందే "మేడి" అంది. వారమంతా బోర్డు మీద ఖాళీగా ఉంటుందని నేను పెట్టిన మాట అది! సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు ఫోన్లో వెతుకుతూ నిలబడితే ఆమె చీపురు తీసుకుని పై అంతస్తుకు వెళ్ళిపోయింది. పొడుపు కథలు విప్పిన జాతి మనది, చదువు రాకముందునుంచీ. దాన్ని కాగితం మీద గళ్ళు గీసి చదువుకున్నవాళ్ళ ఆట చేశాం.

అప్పటినుంచి ఆదివారం పొద్దున ఆధారాలు పైకి చదువుతా. ఊరి మాటల కోసం పుస్తకాలూ వెతికా. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా మనుషుల్ని తిప్పి సేకరింపజేసిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. ఒకే పనిముట్టుకు ఏ జిల్లాలో ఏమంటారో అందులో ఉంటుంది. నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశం కోడలు కొనిచ్చింది. పల్లీలు, బుడ్డలు మూడేసి గళ్ళు. వేరుశనగ, చెనిక్కాయలు ఐదేసి. ఒక్క గింజతో నాలుగు వారాలు నెట్టుకురావచ్చు. బొబ్బట్టు మూడు, ఓళిగ మూడు, పోలె రెండు. పండగ పూట ఈ మూడూ ఒకే గడిలో పెట్టాను, "ఇదీ అదే" అని ఆధారం ఇచ్చి. ఆ వారం జరిగినంత గొడవ ఎప్పుడూ జరగలేదు. ఎవరింట్లో రుచి అన్నదాని మీద.

8. రెండు గుడ్డి మలుపులు కలవకూడదు

ఇది డ్రైవర్లకు తెలుసు. ఘాటు రోడ్డులో ఒక మలుపు కనపడకపోయినా రెండోది కనపడాలి. గడిలోనూ అంతే. తెలియని ఊరి మాట ఒకటి అడ్డంగా పెడితే దానికి నిలువుగా వచ్చేవన్నీ అరటిపండు ఒలిచినట్టుండాలి. ఊరి పేరుకు అడ్డంగా మనిషి పేరు పెట్టామా, రెండూ తెలియనివాడికి ఆ గడి జన్మలో నిండదు. అమెరికావాళ్ళు అలాంటి మూలను 'నాటిక్' అంటారు. మాసాచుసెట్స్‌లో ఒక ఊరి పేరది. ఆ పేరును ఒక చిత్రకారుడి పేరుతో అడ్డుపెట్టి 2008లో ఎవరో గడి కూర్చితే చాలామంది ఆ మూల దగ్గర ఆగిపోయారట. మంచి పేరు. మన దగ్గర ఇంకా పెట్టలేదు.

9. చూపు

కింద ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నారు. గ్లకోమాతో చూపు పోయింది. ఒకప్పుడు వారపత్రిక గళ్ళన్నీ పెన్నుతో నింపేవారట, పెన్సిలు కాదు. "నాకింక ఆ ఆట లేదులే" అనేవారు. ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని నోటితో ఆడాం. మొదటి అడ్డం, మూడక్షరాలు, మొదటి గడి నుంచి. రెండో నిలువు, దాని రెండో అక్షరం 'రా'. ఐదూ ఐదూ గడి ఆయన తలలో నిలబడింది. నల్ల గళ్ళతో సహా. పెద్ద గడి అయితే నిలవదన్నారు, పదిహేనూ పదిహేను మనసులో మోయలేమని. గడి చిన్నది కావడం తీరిక లేనివాళ్ళకోసమే అనుకునేవాణ్ణి నేను.

ఆయన్ను చూడటానికి వచ్చిన ఒక లెక్చరరు, పుట్టుకతోనే చూపు లేనివాడు, నాకు ఇంకో సంగతి చెప్పాడు. బ్రెయిలీలో తెలుగు రాస్తే గుణింతం అక్షరానికి తగులుకోదు, పక్కన విడిగా వస్తుంది. 'కి' అంటే 'క' చుక్కలు ఒక గుంపు, 'ఇ' చుక్కలు ఇంకో గుంపు. కాబట్టి మేము వేళ్ళతో లెక్కపెడితే మీ గళ్ళ సంఖ్య కుదరదు సార్, చెవితో లెక్కపెట్టాలి అన్నాడు. చెవికి 'కి' ఒక్కటే. అందుకే బ్రాకెట్లో సంఖ్య వేసి ఊరుకోకుండా దాన్ని కూడా పైకి చదువుతాను.

నా కళ్ళకు శుక్లాలు తీశాక ఇంకోటి తెలిసింది. నేను ఎనిమిదేళ్ళుగా ఆధారాలు రాస్తున్న అక్షరాలు నాకే కనపడనంత చిన్నవి. ఇప్పుడు స్కెచ్ పెన్నుతో రాస్తున్నా. బోర్డును జానెడు కిందికి కూడా దింపించాను, చక్రాల కుర్చీలో వచ్చే పాపకోసం. అపార్టుమెంటు సంఘం ప్రెసిడెంటుగారు ఏమిటీ దీనికి సంతకాలు కావాలా అన్నారు. రెండు మేకులు సార్ అన్నాను.

10. కలత, లలన, తనయ

కొన్నాళ్ళు నాకు చదరాల పిచ్చి పట్టింది. నల్ల గడి ఒక్కటీ లేకుండా మూడూ మూడూ, అడ్డంగా చదివినా నిలువుగా చదివినా అవే మాటలు రావాలి. మొదట కుదిరింది ఇది: మొదటి వరస కలత, రెండోది లలన, మూడోది తనయ. రాసుకుని చూడండి, నిలువుగానూ అవే వస్తాయి. రాత్రి పదకొండింటికి కుదిరింది, మా ఆవిడను లేపి చూపించాను. "లలన ఎవరు?" అంది నిద్రలో.

ఆడమనిషిని లలన అని పిలిచినవాళ్ళను నేను చూడలేదు. గుణింతం లేని అక్షరాలు సులువుగా అడ్డుపడతాయి కాబట్టి కూర్చేవాడు సంస్కృతం వైపు జారిపోతాడు. జారుతున్నట్టు తెలియదు. మాస్టారికి చూపిస్తే భేష్ అన్నారు. అక్కకు చదివి వినిపిస్తే 'లలన' దగ్గర నా ముఖం చూసింది.

ఇంకో మూడు నెలలు పట్టింది. పలక. లలిత. కతలు. అడ్డంగా, నిలువుగా. "బడికెళ్ళే పిల్లల చేతిలో ఒకప్పుడు ఉండేది", "రేడియోలో ఈ సంగీతం శాస్త్రీయం కాదు", "ఊళ్ళో రాత్రిపూట చెప్పుకునేవి". మాస్టారు వచ్చి పెన్సిలు తీసి 'త' కింద గీత గీసి 'థ' అని దిద్దారు. కథలు అనాలి, కతలు తప్పు. 'థ' పెడితే లలిత కూలిపోతుంది సార్ అన్నాను. కూలిపోనీ అన్నారు. పైకెళ్ళి నిఘంటువు తెచ్చాను. కథకు కత వికృతి, ప్రకృతి వికృతుల పట్టికలో పిల్లలకు మనం నేర్పేదే. ఆయనే నేర్పి ఉంటారు, ముప్ఫై ఏళ్ళు. చాలాసేపు పేజీ చూశారు. తన 'థ'ను తనే రబ్బరుతో తుడిపారు. అక్కకు ఆ ఆధారాలు వినిపించినప్పుడు మూడో జవాబు మొదట వచ్చింది.

11. బహుమతి

పెట్టకండి. ఒకసారి అరకిలో జీడిపప్పు పెట్టాను. గొడవ నెల రోజులు నడిచింది.

12. ఈ వారం

పోయిన ఆదివారం నేను కిందికి దిగేసరికి బోర్డు మీద గడి అంటించి ఉంది. నాది చేతిలో ఉంది. అక్క కొడుకుది అది, తొమ్మిదో తరగతి. నోటుబుక్కు కాగితం, నాలుగూ నాలుగు, స్కేలు పెట్టి గీశాడు. నాది వచ్చే వారానికి దాచి, కళ్ళజోడు పెట్టుకున్నాను.

"బ్యాంకువాళ్ళు ఎవరికీ చెప్పొద్దనేది (3)." ఓటీపీ. అది వచ్చు. "అమ్మ ఊళ్ళో జొన్నలతో చేసేది (2)." రొట్టె. "ఆటలో చచ్చాక మళ్ళీ లేవడం (3)." ఇక్కడ ఆగిపోయాను. పునర్జన్మ అనుకున్నా, నాలుగు గళ్ళు పడుతుంది. చచ్చి బతికినవాడు పరీక్షిత్తు, అదీ నాలుగే. మాస్టారు వచ్చి 'సంజీవి' అన్నారు. మూడే. రాశాం. కానీ నిలువు మాట ఇంగ్లీషు లాంటిదేదో, 'జీ' అక్కడ కుదరడం లేదు. రబ్బరు తీశాం.

పిల్లవాడు మెట్ల మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. ఏంట్రా ఇది, చెప్పు అన్నాను.

"చెప్పను తాతా. పక్క గళ్ళు నింపుకోండి, అదే వస్తది" అన్నాడు.

బుధవారం అయింది. మూడు గళ్ళూ ఇంకా ఖాళీగానే ఉన్నాయి. న్యూజెర్సీలో తెల్లారగానే మనవరాలికి ఫోను చేయాలి.